అత్తా? పిన్నా?

సినిమా మొదలై పావుగంట అయిందో లేదో, మా నాన్న కళ్ళజోడు పైకి తోసుకుని అడిగాడు: "ఆ కుర్రాడికి ఆవిడ ఏమవుతుంది?"

"వాణ్ణి పెంచినాయన పెళ్ళాం నాన్నా. మూడో ఆవిడ."

"అది నాకూ తెలుస్తానే ఉంది. వరస చెప్పమంటున్నా. అత్తా? పిన్నా?"

తెర అడుగున ఇంగ్లిష్‌లో 'ఆంట్' అని పడింది. అత్తయినా, పిన్నయినా, పెద్దమ్మయినా ఇంగ్లిష్‌లో ఒకటే మాట. ముసలాయన 'అంకుల్', కుర్రాడు 'నెఫ్యూ'. మేనల్లుడో, అన్న కొడుకో ఆ మాటలో తేలదు. "తెలీదు నాన్నా" అన్నాను.

"ఇంతకుముందే చూశానన్నావుగా. అది కూడా తెలీకుండా ఏం చూశావు?"

అది 2004 వేసవి. చీరాలలో మా ఇంటి ముందు గది. సెలవుకి వస్తూ రెండు సీడీల్లో 'జు డౌ' అనే చైనా సినిమా తెచ్చాను. 1990లో వచ్చింది. జాంగ్ యిమౌ, యాంగ్ ఫెంగ్లియాంగ్ అనే ఇద్దరు కలిసి తీశారు. నాన్న ఆ పేర్లు వినిపించుకోలేదు గానీ, "రంగులేసే కార్ఖానాలో జరిగే కథ నాన్నా" అన్నాక మాత్రం పడక్కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకున్నాడు.

నేను మొదట చూసింది 1996లో. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. అమీర్‌పేటలో ఒక ప్రివ్యూ థియేటర్‌లో విదేశీ సినిమాలు వేస్తారని విని హాస్టల్ నుంచి ముగ్గురం వెళ్ళాం. తొమ్మిదికి గేటు మూసేస్తారన్న టెన్షన్‌లో ఉన్నాం. సినిమా అయ్యాక ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. గేటు దగ్గర వార్డెన్ తిట్టిన తిట్లు కూడా సరిగ్గా ఎక్కలేదు. ముసలి మొగుడు, చిత్రహింసలు, ప్రేమ, చావు. ఆ వయసులో నాకు కనపడింది అంతే. వారం రోజులు కథానాయిక గాంగ్ లీ మొహం కళ్ళముందు తిరిగింది. అంతకంటే ఎక్కువ తిరిగింది ఒక బట్ట తాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

కథ తెలియనివాళ్ళ కోసం కొంచెం. 1920ల నాటి చైనా పల్లె. యాంగ్ జిన్‌షాన్ అనే ముసలాయనకి రంగుల కార్ఖానా ఉంది. పిల్లల్ని కనలేదని ఇద్దరు పెళ్ళాల్ని కొట్టికొట్టి చంపుకున్నాడు. మూడో పెళ్ళాన్ని డబ్బిచ్చి కొనుక్కొచ్చాడు. ఆమే జు డౌ. ఆ ఇంట్లో తియాన్‌చింగ్ అనే మనిషి ఉంటాడు. ముసలాయన చేరదీసి పెంచిన బంధువు. తిండి పెట్టి, జీతం లేకుండా చాకిరీ చేయించుకుంటాడు. రాత్రిళ్ళు పై గదిలోంచి ఆమె అరుపులు వినపడుతుంటాయి, కింద ఇతను పక్క మీద దొర్లుతుంటాడు. పొద్దున్నే ఇద్దరూ ఒకే తొట్టి దగ్గర పనిచేయాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాదీ రంగులేసే ఇల్లే. మగ్గాలవాళ్ళు నూలు చిలపలు తెచ్చిస్తే రంగేసి ఇచ్చేవాళ్ళం. పెరట్లో నాలుగు సిమెంటు తొట్లు, రెండు రాగి కాగులు, ఆరేసుకోవడానికి వెదురు గడలు. కాస్టిక్ సోడా, హైడ్రోసు వాసన మా పుస్తకాలకి కూడా పట్టేది. నాన్న నాప్తాల్ ఎరుపు వేసే రోజు నాకు పండగ. మొదటి తొట్టిలో ముంచి తీసిన చిలప లేత పసుపుగా ఉంటుంది, చూడ్డానికి ఏమీ బాగుండదు. దాన్ని పిండి, రెండో తొట్టిలో అలా ముంచాడో లేదో రక్తంలా ఎర్రబడేది. స్కూలుకి ఆలస్యమైనా ఆ ఒక్క క్షణం చూడకుండా కదిలేదాన్ని కాదు. నాన్న చేతులు మోచేతులదాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. పెళ్ళిళ్ళలో బంతిలో కూచుంటే, ఈ వారం ఏ రంగు నడుస్తోందో వడ్డించేవాళ్ళు ఆయన చేతులు చూసి చెప్పేవాళ్ళు.

2004 నాటికి అదంతా అయిపోయింది. రెండేళ్ళ ముందే పని ఆపేశాడు. ఎండిపోయిన తొట్లలో మట్టి పోసి అమ్మ కనకాంబరాలు వేసింది. అందుకే ఆ సినిమా ఆయనకి చూపించాలనిపించింది. ఇంకో కారణం కూడా ఉందేమో, నాకే తెలీదు.

మొదటి పది నిమిషాలూ నాన్న కథ చూడనే లేదు, పని చూశాడు. ఎత్తయిన దూలాల నుంచి కిందకి వేలాడుతున్న పొడుగాటి బట్టలు. ఎండలో ఎరుపు, పసుపు. "వీళ్ళు తానుకే రంగేస్తున్నారు. మనది నూలు" అన్నాడు మొదట. కాసేపాగి, "అంత పైకి కట్టారంటే దుమ్ము పడకుండా. తెలివైనవాళ్ళే" అన్నాడు. ఆ కట్టడం నిజంగా పాతకాలానిదే. అన్‌హుయి రాష్ట్రంలో నాన్‌పింగ్ అనే పాత ఊరుంది, ఆ ఊళ్ళో తీశారు. ఆ నల్లటి పెంకుల కప్పులు, నాలుగు గోడల మధ్య ఆకాశం ఒక ముక్కలా కనపడే మండువా, సెట్టు వేస్తే రావు.

తర్వాత స్నానం సీను వచ్చింది. గోడ కన్నంలోంచి తియాన్‌చింగ్ చూస్తున్నాడని ఆమెకి తెలుస్తుంది. కన్నాన్ని గడ్డితో మూస్తుంది. మర్నాడు మాత్రం మూయదు. మెల్లగా వెనక్కి తిరిగి, కమిలిపోయిన ఒళ్ళు చూపిస్తుంది. సిగ్గుతో కాదు, ఫిర్యాదు చేస్తున్నట్టు. నాన్న పక్కన కూచుని ఆ సీను చూడ్డం ఎంత కష్టమో ఆడపిల్లలకి చెప్పక్కర్లేదు. అమ్మ "ఏం సినిమా తెచ్చావే తల్లీ" అని వంటింట్లోకి లేచిపోయింది. నేను చేతిలో రిమోట్ చూసుకుంటూ కూచున్నాను. నాన్న మాత్రం, "ఎంత కొట్టాడో చూడు దొంగసచ్చినోడు" అన్నాడు. అంతే అన్నాడు.

ఇక ఆ తాను సంగతి. ముసలాయన జబ్బు పడిన పశువుకి వైద్యం చేయించడానికి ఊరెళ్తాడు. ఆ ఏకాంతంలో వాళ్ళిద్దరూ దగ్గరవుతారు. కార్ఖానాలో, తొట్టి పక్కనే. పైన కర్ర చక్రానికి చుట్టి ఉన్న బట్ట పట్టు తప్పుతుంది. గజాలకి గజాలు, ఆగకుండా, ఎర్ర రంగు తొట్టిలోకి జారిపోతుంటుంది. కెమెరా మనుషుల్ని వదిలేసి దాన్నే చూస్తుంది. పూలూ పక్షులూ చూపించే మన పాత సినిమాల పద్ధతే కదా అని ఎవరైనా అనొచ్చు. కాదు. ఆ బట్ట అక్కడ పని వస్తువు. రేపు ముసలాయన లెక్క చూసుకునే బట్ట.

ఆ సీను నడుస్తున్నంతసేపూ గదిలో గడియారం చప్పుడు వినపడింది. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఆ తాను మొత్తం పాడైపోయింది" అన్నాడు.

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయనా నవ్వాడు గానీ వదల్లేదు. "నవ్వుతావేం? అట్లా ముద్దగా పడితే రంగు సమంగా పట్టుద్దా? మడతల్లో తెల్ల మచ్చలుండిపోతాయి. రేపు ముసలాడు రాగానే అడుగుతాడు చూడు."

ఇన్నేళ్ళలో ఈ సినిమా మీద చాలా వ్యాసాలు చదివాను. ఆ సీను గురించి ఎవరూ ఈ మాట రాయలేదు.

రంగు గురించి నేను అప్పటికే చదివి ఉంచుకున్న విషయం ఒకటి చెప్పాను. ఈ సినిమా ప్రింట్లు పాత టెక్నీకలర్ పద్ధతిలో వేశారు. అంటే ఫిల్ము మీద మూడు రంగుల్నీ విడివిడిగా, అద్దకంలా, ఒకదాని మీద ఒకటి దించుతారు. అమెరికాలో ఆ పద్ధతిని 1970లలోనే వదిలేశారు. చైనావాళ్ళు ఆ యంత్రాలు తెచ్చుకుని ఈ సినిమా తీసేనాటికి ఇంకా నడుపుతున్నారు. అందుకే ఆ ఎరుపు అంత చిక్కగా ఉంటుంది. "అంటే రీలుకి కూడా మనలాంటోడెవడో రంగేశాడన్నమాట" అన్నాడు నాన్న. ఆయన మొహంలో ఆ సంతోషం చూసి, ఇంకోటి కూడా చెప్పాను. డైరెక్టర్ జాంగ్ యిమౌ సినిమాల్లోకి రాకముందు, మావో కాలపు సాంస్కృతిక విప్లవం రోజుల్లో, షియాన్‌యాంగ్ అనే ఊళ్ళో నూలు మిల్లు కూలీగా ఏడేళ్ళు పనిచేశాడు. 1978లో బీజింగ్ ఫిల్మ్ అకాడమీకి వెళ్తే వయసు మీరిపోయిందన్నారు. పైవాళ్ళకి అర్జీ పెట్టుకుని సీటు తెచ్చుకున్నాడు. ఈ కథ ల్యూ హెంగ్ అనే రచయిత రాసిన నవలిక. అందులో రంగుల కార్ఖానా లేదు, వాళ్ళు వ్యవసాయం చేసుకునే మనుషులు. కార్ఖానా డైరెక్టర్ పెట్టుకున్నది.

"మిల్లులో చేసినోడికే తెలుస్తుంది" అన్నాడు నాన్న. ఆ తర్వాత జాంగ్ యిమౌని 'మనోడు' అనే పిలిచాడు.

జు డౌ నెల తప్పుతుంది. కొడుకు పుడతాడు. ముసలాయన తన కొడుకే అనుకుని ఊరంతా పండగ చేస్తాడు. వంశం పెద్దలు కూచుని పిల్లాడికి తియాన్‌బాయ్ అని పేరు పెడతారు. ఒక తరంలో పుట్టినవాళ్ళందరి పేర్లకీ ఒకే అక్షరం పెట్టడం అక్కడి కట్టు. తియాన్‌చింగ్, తియాన్‌బాయ్. ఆ పేరుతోనే తండ్రీ కొడుకులు అన్నదమ్ములైపోయారు. ఎవరూ గట్టిగా అరవరు, ఎవరూ కొట్టరు, తెల్లగడ్డాల పెద్దలు నవ్వుతూ పేరు పెడతారంతే. కన్నతండ్రి పక్కన నిలబడి వింటాడు. మొదటిసారి చూసినప్పుడు ఈ సీను నాకసలు గుర్తే లేదు.

తర్వాత ముసలాయనకి పక్షవాతం వచ్చి నడుము కింద పడిపోతుంది. చక్రాలున్న చెక్క పీపాలో కూచోబెడతారు. ఇక దాచాల్సిన పని లేదు. పిల్లాడు ఎవడి కొడుకో జు డౌ ఆయన మొహం మీదే చెప్పేస్తుంది. లీ వెయ్ అనే నటుడు ఆ ముసలాడు. కాళ్ళు లేవు, చేతులే. పీపాలోంచి కళ్ళతోనే విషం కక్కుతాడు. పిల్లాణ్ణి చంపాలని చూస్తాడు. కుదరదు. ఇంతలో ఒకరోజు ఆ పిల్లాడు, అప్పటిదాకా సరిగ్గా మాటలు రానివాడు, పీపా దగ్గరికి తప్పటడుగులతో వచ్చి "నాన్నా" అంటాడు. ముసలాడి మొహంలో వెలుగొస్తుంది. జు డౌ, తియాన్‌చింగ్ కొయ్యబారిపోతారు.

"గెలిచాడమ్మా ముసలాడు" అన్నాడు నాన్న.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఆ రోజుల్లో వేసవిలో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో చెప్పలేం. వాకిట్లో నులక మంచం వాల్చుకుని కూచున్నాం. అమ్మ విసనకర్ర తెచ్చిచ్చింది. వీధంతా చీకటి. ఎక్కడో ఒక మగ్గం మాత్రం ఆడుతున్న చప్పుడు, లాంతరు పెట్టుకుని నేస్తున్నారేమో. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. అప్పుడు, ఏ ముందుమాటా లేకుండా మొదలుపెట్టాడు.

"మా వీధిలో ఇట్టాగే అయింది. వాడు నా ఈడోడు. పక్కపక్క మగ్గాలు మావి. వాడిదీ ఆ పిల్లదీ ఒకటే ఇంటిపేరు. చుట్టరికం ఏం లేదు. ఏడు తరాలు వెనక్కెళ్ళినా ఎక్కడా కలవరు. అయినా ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళే కదా."

"ఏం చేశారు?"

"రామమందిరం దగ్గర పెద్దమనుషులు కూచున్నారు. కొట్టలేదు, ఏం లేదు. 'తప్పమ్మా, చెల్లెలవుద్ది' అన్నారు. వాణ్ణి మద్రాసులో వాళ్ళ మేనమామ దగ్గరికి పంపించెయ్యాలన్నారు. రైలెక్కించే పని నాకు చెప్పారు. బండి కదిలేదాకా ఉండి రమ్మన్నారు, మధ్యలో దిగిపోతాడేమోనని."

"ఉన్నావా?"

"ఉన్నా." విసనకర్ర ఆగింది, మళ్ళీ మొదలైంది. "వాడు కిటికీలోంచి ఒక్క మాట కూడా అనలా. టీ తాగుతావా అంటే తాగుతానన్నాడు. తెచ్చిచ్చా. గ్లాసు తిరిగిచ్చేలోపే బండి కదిలింది. ఆ గ్లాసుకి టీ బంకువాడు నా దగ్గర డబ్బులు తీసుకున్నాడు."

"ఆ అమ్మాయి?"

"మూడు నెలల్లో వేటపాలెం ఇచ్చారు. పక్క ఊరేగా, ఎప్పుడన్నా ఎదురయ్యేది. 'బాగున్నావా అన్నయ్యా' అనేది."

"అంటే..."

"నేను వరసకి బావనవుతా. చిన్నప్పట్నించీ బావా అనే పిలిచేది."

అమ్మ లోపల గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. అమ్మకి ఈ సంగతి తెలుసో తెలియదో నేను ఇప్పటికీ అడగలేదు.

కరెంటు వచ్చేసరికి పదిన్నర. పడుకుందామంటాడనుకున్నా. "రెండో సీడీ పెట్టు" అన్నాడు.

రెండో భాగంలో నాన్న పని గురించి ఒక్క మాట కూడా అనలేదు. ముసలాడు ప్రమాదంలో రంగు తొట్టిలో పడి చచ్చిపోతాడు. పక్కనే నిలబడిన పిల్లాడు అది చూసి నవ్వుతాడు. వాడు సినిమా మొత్తం మీద నవ్వేది అక్కడే అని నాకు గుర్తు. తర్వాత శవయాత్ర. పోయినవాడి మీద ఎంత ప్రేముందో చూపించడానికి, పెళ్ళామూ పెంచిన కొడుకూ శవపేటికకి అడ్డంగా పడి ఆపాలి. ఒకసారి కాదు, నలభై తొమ్మిదిసార్లు. తెల్లబట్టలతో వాళ్ళిద్దరూ ఏడుస్తూ పరిగెత్తుకొస్తారు, పడతారు, పేటిక వాళ్ళ మీదుగా వెళ్ళిపోతుంది. లేస్తారు, మళ్ళీ పరుగు. పేటిక మీద కొడుకు తియాన్‌బాయ్ పెద్దమనిషిలా కూచుని ఉంటాడు. కన్న తల్లిదండ్రులు కింద దుమ్ములో పొర్లుతుంటే వాడు పైనుంచి చూస్తుంటాడు. తీసినవాడు ఆ పరుగుల్ని తెగ్గొట్టి ఓ రెండు చూపించి ఊరుకోవచ్చు. ఊరుకోడు. మనకి కాళ్ళు పీకేదాకా చూపిస్తాడు.

ఆపైన పెద్దలు తీర్పు చెబుతారు. జు డౌ మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదు. తియాన్‌చింగ్ రాత్రిళ్ళు ఆ ఇంట్లో ఉండకూడదు, బయటెక్కడో పడుకోవాలి. పగలు మాత్రం వచ్చి చాకిరీ చేయొచ్చు. నాన్న ఇక్కడ నోటితో ఒక చిన్న చప్పుడు చేశాడు, 'చ' కి సగం.

ఏళ్ళు గడుస్తాయి. కొడుకు పెద్దవాడవుతాడు, ఊళ్ళో గుసగుసలు వాడి చెవిన పడతాయి. తల్లి చివరికి నిజం చెప్పేస్తుంది, వీడే నీ తండ్రి అని. చెప్పాల్సింది కాదేమో. చెప్పకపోయినా అంతేనేమో. ఒక రాత్రి వాళ్ళిద్దరూ నేలమాళిగలోకి దిగుతారు. గాలాడని చోటు, స్పృహ తప్పి పడిపోతారు. కొడుకు చూస్తాడు. తల్లిని బయటికి తెచ్చి పడుకోబెడతాడు. తండ్రిని తెచ్చి, రంగు తొట్టిలో పడేస్తాడు. ఎన్నో ఏళ్ళ క్రితం ఆ తాను జారిపడిన తొట్టి. దూలం పట్టుకుని వేలాడుతున్న మనిషిని కర్రతో కొట్టి విడిపిస్తాడు. జు డౌ కార్ఖానాకి నిప్పంటిస్తుంది. ఆరేసిన బట్టలన్నీ ఒక్కసారి అంటుకుంటాయి.

టీవీ ఆపేశాను. నాన్న కుర్చీలోంచి లేవలేదు.

"వాడు చివరిదాకా ఆవిణ్ణి పేరు పెట్టి పిలవలేదు, గమనించావా?" అన్నాడు. ఒక్క ముక్క భాష రాకుండా ఆ మాట ఎలా అన్నాడో. సౌండ్ విని చెప్పాడనుకుంటా. ప్రతిసారీ అదే పిలుపు వినపడుతోందట. లేచి తొట్ల దగ్గరికి వెళ్ళి, అర్ధరాత్రి కనకాంబరాలకి నీళ్ళు పోశాడు.

ఈ సినిమా మీద రాసినవాళ్ళు రాజకీయం కూడా ఎక్కువే రాశారు. 1989లో బీజింగ్ తియనన్మెన్ చౌక్ దగ్గర నిరసనల మీద సైన్యం కాల్పులు జరిపిన తర్వాత ఏడాదిలో వచ్చింది కదా, పీపాలో కూచుని చావకుండా పెత్తనం చేసే ముసలాడంటే ఎవరో జనం వెంటనే పోల్చుకున్నారు. చైనాలో ఆడనివ్వలేదు, 1992లో గానీ నిషేధం తొలగలేదు. ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్‌కి నామినేట్ అయిన మొదటి చైనా సినిమా ఇది. 1991లో, పోటీలోంచి వెనక్కి తీసుకుంటామని వాళ్ళ ప్రభుత్వమే అడిగింది. అకాడమీ ఒప్పుకోలేదు. ఆ ఏడు బహుమతి స్విట్జర్లాండ్ సినిమాకి వెళ్ళింది. ఆ వ్యాఖ్యానాలు తప్పని అనను. కానీ మా వాకిట్లో ఆ రాత్రి తియనన్మెన్ లేదు, రామమందిరం ఉంది.

చాలా ఏళ్ళ తర్వాత, 2013లో, ఉద్యోగం మీద సింగపూర్‌లో ఉన్నాను. చైనా నుంచి వచ్చిన ఒకమ్మాయి నా పక్క సీటు. ఒకరోజు భోజనాల దగ్గర చుట్టాల మాటలొచ్చాయి. మా అక్క పెళ్ళి మేనరికం అని చెబితే ఇంగ్లిష్‌లో అర్థం చేయించడానికి నేను కాగితం మీద గీతలు గీస్తున్నాను. ఆమె నవ్వి, "నాకు గీతలక్కర్లేదు, మాకూ అన్నిటికీ వేరే వేరే మాటలున్నాయి" అంది. మేనత్త గూగూ. మేనమామ జియోజియో. తండ్రి తమ్ముడు షూషు. మనం పిన్ని అని సరిపెట్టుకునే చోట కూడా వాళ్ళకి తేడా ఉంది, అమ్మ చెల్లెలికి ఒక మాట, బాబాయి పెళ్ళానికి ఇంకో మాట. వెనకటి రోజుల్లో మేనత్త మేనమామ పిల్లల్ని చేసుకునేవాళ్ళట, ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. ఒకే ఇంటిపేరువాళ్ళు మాత్రం అసలు చేసుకోకూడదనేవాళ్ళట, చుట్టరికం ఉన్నా లేకపోయినా.

నా చేతిలో చెంచా ఆగిపోయింది. "జు డౌ చూశావా?" అని అడిగాను.

చూసింది. నవల కూడా చదివింది. నవల పేరు 'ఫుషి ఫుషి' అని చెప్పింది. ఫుషి వాళ్ళ పురాణ పురుషుడు. అతనూ, చెల్లెలు నువా పెళ్ళాడితేనే మనుషులు పుట్టారని ఒక కథ. మనుషులంతా వరస తప్పిన పెళ్ళికి పుట్టినవాళ్ళేనని రచయిత ముందే పేరులో పెట్టేశాడన్నమాట.

"తియాన్‌చింగ్ ఆమెని ఏమని పిలుస్తాడు?"

"షెన్‌జి."

"అంటే?"

"నాన్నకి తమ్ముడి భార్య."

ఆ సాయంత్రం చీరాలకి ఫోన్ చేశాను. నాన్నకి అప్పటికి కొంచెం చెవుడొచ్చింది. గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది, బస్టాప్‌లో అందరూ తిరిగి చూశారు.

"నాన్నా! ఆ చైనా సినిమా గుర్తుందా? రంగుల కార్ఖానా? ఆవిడ వాడికి పిన్ని!"

"పిన్నేగా" అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"అత్తయితే అంత భయమెందుకు పడతాడమ్మా? అత్త దగ్గర కాస్త చనువుంటది. వాడు పిలిచినప్పుడల్లా కళ్ళు కిందకేసుకున్నాడు. అమ్మని పిలిచినట్టు పిలిచాడు." కాసేపు గరగర చప్పుడు, ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నట్టున్నాడు. "ఇంతకీ ఎవరు చెప్పారు నీకు?"

"ఆఫీసులో చైనా అమ్మాయి."

"అట్టాగా. ఆ ఎరుపు ఏం రంగో అడిగావా? మా తాతల కాలం అలిజరిన్ అయితే ముందు నూలుకి నూనె, బూడిద పట్టించాలి, రోజుల పని. ఒక్క మునకకి అంత ఎరుపు రాదు."

"అడగలేదు నాన్నా."

"రేపు కనుక్కో."